మగ్గాల చప్పుడులో ప్రార్థన

చంద్రభాగ పేరు చెబితే మగ్గాల పేట కుంఠా నాకాలో మనుషులు ముందు చేతులు జోడిస్తారు, తర్వాతే మాట్లాడతారు. మార్కండేయుడికి మొక్కేవాళ్ళు ఆమెను దేవత అంటారు. ప్రార్థన మందిరానికి వెళ్ళేవాళ్ళు దేవుని బిడ్డ అంటారు. నల్లా నీళ్ళ దగ్గర కూడా ఒక్క మాట మీద నిలబడని గల్లీ ఆమె విషయంలో మాత్రం ఒక్కటయింది. ఆ పొగడ్త చెవిన పడగానే చంద్రభాగ తల వంచుకుని గబగబా వెళ్ళిపోయేది. చూసినవాళ్ళు దాన్ని వినయం అనుకునేవాళ్ళు. వినయమూ లేదు, పాడూ లేదు. ఎవరైనా కళ్ళల్లోకి చూస్తే లోపలున్నది కనబడిపోతుందేమోనని భయం.

లోపల ఏముందో తెలియాలంటే ఆమె ఎట్లా ఇరుక్కుపోయిందో ముందు చెప్పాలి.

ఆమె పుట్టింది బీడీ కార్మికులుండే విడీ ఘర్కుల్ కాలనీలో, బీడీలు చుట్టే తల్లి పక్కన. నడక కంటే ముందు బీడీ చుట్టడం వచ్చిందని తల్లి అందరికీ చెప్పుకునేది. పెళ్ళయ్యాక కుంఠా నాకాకు వచ్చింది. భర్త పవర్‌లూమ్ కార్ఖానాలో పనిచేసేవాడు. నూలు దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి, దగ్గి దగ్గి మంచాన పడ్డాడు. అయినవాళ్ళు కొన్నాళ్ళు వచ్చి మొహం చాటేశారు. అప్పుడు నూలు గోదాం మీదున్న ప్రార్థన మందిరం నుంచి ఇద్దరు ఆడవాళ్ళు గంజి పట్టుకుని వచ్చారు. అతను పోయేదాకా వచ్చారు, పోయిన తర్వాత కూడా వచ్చారు. వాళ్ళు అతని ఒళ్ళు తుడుస్తున్నప్పుడు వాళ్ళ మొహాల్లో ఒక వెలుగు ఉండేది. ఆ వెలుగు ఎక్కడ దొరుకుతుందో చంద్రభాగకు తెలుసుకోవాలనిపించింది. ఆ కోరికతోనే మందిరానికి వెళ్ళడం మొదలుపెట్టి, తర్వాత బాప్తిస్మం తీసుకుంది. పాస్టరుగారు పేరు మార్చుకుంటావా అని అడిగితే, "చంద్రభాగ అంటె నది పేరే గద అయ్యగారూ, మీరు నన్ను ముంచింది గూడ నీళ్ళలనే," అని తన పేరు తనే ఉంచుకుంది.

ఆమె ఉండే ఒంటిగది ఖోలీకి ఎదురుగా, కార్ఖానా మీది గదిలో అంబుబాయి అనే ముసలమ్మ ఉండేది. జీవితమంతా మగ్గాల మధ్య గడిపిన మనిషి. కొడుకు పెంటయ్య భార్య పోయినవాడు, కింద కార్ఖానాలోనే మగ్గం నడుపుతాడు. ఒకరోజు అంబుబాయి నీళ్ళు పట్టుకుని మెట్లెక్కుతూ కూలిపోయింది. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మూతి ఒక పక్కకు లాగేసింది, మాట పోయింది. ఇంటికి తీసుకుపొండి, ఇంక కొద్ది రోజులే అన్నారు ఆసుపత్రిలో. పెంటయ్య మెట్ల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. చంద్రభాగ ఎవరూ అడగకుండానే వెళ్ళి ముసలమ్మ ఒళ్ళు కడిగింది, బట్ట మార్చింది, జావ పోసింది. ఇంతవరకూ వంక పెట్టడానికి ఏమీ లేదు.

తప్పు ఆదివారం నాడు జరిగింది. మందిరంలో పాటలయ్యాక సాక్ష్యాలు చెప్పిస్తారు. దేవుడు ఆ వారం తమకు ఏం చేశాడో ఒక్కొక్కరు లేచి చెబుతారు, మిగతావాళ్ళు స్తోత్రం అంటారు. అంతకుముందు ఎన్నడూ లేవని చంద్రభాగ ఆరోజు లేచింది. అంబుబాయి సంగతి చెప్పింది. స్తోత్రం అన్నారు. ఆమె కాళ్ళు కడిగానని చెప్పింది. ఇంకా గట్టిగా స్తోత్రం అన్నారు, డోలక్ మీద దరువు పడింది. జీవితంలో ఎవరూ చప్పట్లు కొట్టని మనిషికి చప్పట్లు వినబడితే ఏమవుతుందో అదే అయింది. చంద్రభాగ చెయ్యి పైకెత్తి, "ఆమె ఆఖరి శ్వాస దాంక ఆమె ఒళ్ళు నేనే కడుగుత. ఇంకొక చెయ్యి ఆమెను ముట్టే పని లేదు. నా ప్రభువే సాక్షి," అనేసింది. మందిరం దద్దరిల్లింది. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేం అని పెద్దలు ఊరికే అన్నారా!

ఆమె మనసులో ఉన్నది కొద్ది రోజుల మాట. ఆసుపత్రి వాళ్ళు చెప్పింది అదే కదా. చంద్రభాగ చేతి జావ పుణ్యమో, మార్కండేయుడి దయో, అంబుబాయి ఒంట్లోని పాతకాలపు జొన్నరొట్టె బలమో గాని, ఆ కొద్ది రోజులు నాలుగో ఏట పడ్డాయి.

చంద్రభాగ పొద్దున్నే నీళ్ళు పట్టుకుని మెట్లెక్కేది. ముసలమ్మను పక్కకు తిప్పేది, తుడిచేది, బట్ట మార్చేది, తినిపించేది. తర్వాత కిటికీ దగ్గర చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టేది. తునికాకు కత్తిరించు, తంబాకు పొయ్యి, చుట్టు, దారం కట్టు, మళ్ళీ లేచి ముసలమ్మను ఇంకో పక్కకు తిప్పు. పెంటయ్య షిఫ్టు అయిపోయి పైకి వస్తే తను కిందికి దిగేది. అంబుబాయి వీపు మీద ఒక్క పుండు లేదు. ఆ విషయం గల్లీ అంతా గొప్పగా చెప్పుకునేది. చంద్రభాగ మాత్రం తన బిడ్డ అశ్విని కాన్పుకు వెళ్ళలేకపోయింది, మనవరాలి తొట్లె పండుగకు వెళ్ళి భోజనం కాకముందే లేచి వచ్చింది. పెళ్ళి పిలుపులు రావడం మానేశాయి. ఆమె రాదని అందరికీ తెలుసు, పాపం సేవలో ఉంటుంది కదా అనుకునేవాళ్ళు. అడకత్తెరలో పోకచెక్క ఎట్లా ఉంటుందో ఆమెను అడిగితే చెప్పేది, కానీ అడిగినవాళ్ళెవరు?

మొదట్లో పక్క ఖోలీ పిల్ల పూనం ఒకసారి దువ్వెన తెచ్చుకుని అంబుబాయి తల దువ్వడానికి కూర్చుంది. అప్పుడే మెట్లెక్కి వచ్చిన చంద్రభాగ నవ్వుతూనే ఆమె చేతిలోంచి దువ్వెన తీసుకుంది. ఇంకొక చెయ్యి ముట్టదని దేవుడి ముందు అన్న మాట కదా మరి. పూనం లేచి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆ గది గడప ఎవరూ తొక్కలేదు. అది చంద్రభాగ సేవ, మనం వేలు పెట్టకూడదు అని గల్లీ నిర్ణయించుకుంది.

వీటన్నిటికంటే కష్టం ఆదివారాలు. "సహోదరి చంద్రభాగ, సేవలో ఉన్న ఆనందం గురించి నాలుగు మాటలు చెప్పమ్మా," అని పాస్టరుగారు పిలిచేవారు. ఆమె లేచి, "మస్తు సంతోషంగ ఉంటది. ఆమె కాళ్ళు కడుగుతుంటె ప్రభువు కాళ్ళు కడిగినట్టే ఉంటది," అని చెప్పి కూర్చునేది. నిజానికి ఆమెకు ఏ ప్రభువూ కనబడేవాడు కాదు. తడిబట్ట వాసన, నడుము నొప్పి, కిటికీ అవతల పోతూ వస్తూ ఉండే జనం, అంతే. గంజి తెచ్చిన ఆడవాళ్ళ మొహంలో చూసిన ఆ వెలుగు కోసం అద్దంలో వెతుక్కునేది. అద్దంలో కళ్ళ కింద నల్ల చారలున్న ఆడమనిషి కనబడేది. మింగలేక, కక్కలేక ఆ అబద్ధాన్ని నోట్లో పెట్టుకుని తిరిగేది.

ఇక ఆ ప్రార్థన సంగతి. కార్ఖానా మీది గది అంటే మగ్గాల చప్పుడులో మునిగిన గది. ఖటఖటా ఖటఖటా అని నేల కూడా అదురుతుంటుంది. పగలూ రాత్రీ షిఫ్టులు నడుస్తూనే ఉంటాయి. కేక పెట్టినా పక్కవాడికి వినబడదు కాబట్టి కార్ఖానా వాళ్ళు గొంతుతో మాట్లాడుకోరు. పెదవులు కదిలిస్తారు, చేతులు తిప్పుతారు, ఎంత దూరం నుంచైనా అర్థం చేసుకుంటారు. బీడీ కాలనీలో పెరిగిన చంద్రభాగకు ఆ విద్య రాలేదు. అంబుబాయి మూతి వంకరపోయింది గనుక ఆమె పెదవులు పెంటయ్యకు కూడా అందేవి కావు. అమ్మ ఏదో గొణుగుతుంది, దేవుడి పేరు తలుచుకుంటుందేమో అనుకునేవాడు.

ఒకరోజు ఆ చప్పుడులో, కిటికీ దగ్గర నిలబడి, చంద్రభాగ పైకే అనేసింది: "ప్రభువా, ఈమెను తీస్కపో. జల్దీ తీస్కపో. నన్ను ఇడిపించు." తన గొంతు తనకే వినబడలేదు. గుండె మీంచి బండ దొర్లినట్టయింది. మర్నాడు మళ్ళీ అన్నది. అది రోజూ అలవాటయింది. పాపం ఆమె బాధ చూడలేకనే అడుగుతున్నానని తనకు తాను చెప్పుకునేది. మనుషులకు చెప్పే అబద్ధాలు దేవుడి దగ్గర కూడా చెల్లుతాయా అని అప్పుడప్పుడు వణుకు పుట్టేది. వణుకుతూనే మళ్ళీ అడిగేది.

ఇంతలో అశ్వినికి, అల్లుడు సందీప్‌కు కుంభారి దగ్గర రాయ్‌నగర్ కాలనీలో ఇల్లు వచ్చింది. కొత్త గోడలు, గాలి వచ్చే కిటికీలు, చుట్టూ ఎక్కడా మగ్గం లేదు. అందులో వెనక గది అమ్మకని అశ్విని పక్కన పెట్టింది. చంద్రభాగ ఆ గదిని చూడటానికి ఒక్కసారే వెళ్ళింది. నేల మీద పడుకుని చూసింది. నేల అదరలేదు. ఆరోజు బస్సులో తిరిగి వస్తూ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఆ మాట వదులుకోవచ్చా అని పాస్టరుగారిని అడిగితే ఆయన కళ్ళు మూసుకుని ఆలోచించి, "దేవునికిచ్చిన మాట సహోదరీ. పరీక్ష చివరి దాకా నిలబడాలి," అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. ఆయన ఆ మెట్లు ఎన్నడూ ఎక్కలేదు, అంతే.

ఆ తర్వాత ఒకరోజు పొద్దున అశ్విని ఫోన్ చేసింది. మగ్గాల చప్పుడుకు ఫోన్ వినబడదని చంద్రభాగ కిందికి దిగి గల్లీ చివరిదాకా వెళ్ళి మాట్లాడింది.

"అమ్మా, సందీప్ వాళ్ళక్క పిల్లల్ని తీస్కొని ఇక్కడికే వస్తనంటుంది. వెనక ఖోలీ అడుగుతున్నరు. ఎన్ని దినాలని నేను ఆపాలె? ఈ ఐతారం లోపల జెప్పు. నువ్వు వస్తవా రావా?"

"ఎట్ల వస్త బిడ్డా? మాటిచ్చిన గద."

"ఎవరికిచ్చినవ్ మాట? నా కాన్పుకు రాలే. నా బిడ్డ నిన్ను చూస్తె ఏడుస్తది, కొత్తోళ్ళని చూసినట్టు. గా ముసలామెకు నువ్వేమైతవని?"

చంద్రభాగ ఫోన్ పెట్టేసింది. తిరిగి మెట్లెక్కి చాట ఒళ్ళో పెట్టుకుంది. చేతులు ఆడలేదు. అప్పుడే వీధి చివర కరెంటు డీపీ ఢమ్మని పేలింది. లైటు పోయింది. ఒక్కసారిగా మగ్గాలన్నీ ఆగిపోయాయి. కింద ఎవరో తిట్టుకోవడం, ఎక్కడో పాప ఏడవడం, గోడ మీద పావురాలు రెక్కలు కొట్టుకోవడం వినబడ్డాయి.

మామూలుగా లైటు పోతే చంద్రభాగకు పండగ. సంచిలోంచి గ్రంథం తీసి, దొరికిన కాస్త నిశ్శబ్దాన్నీ వదలకుండా, అంబుబాయికి గట్టిగా చదివి వినిపించేది. చదివి చదివి గొంతు పోతే పాట పాడేది. లైటు వచ్చేదాకా ఆపేది కాదు. దాన్ని కూడా సాక్ష్యంలో చెప్పేది. ఆరోజు మాత్రం సంచి వైపు చూడలేదు. చాటలో చేతులు పెట్టుకుని ఊరికే కూర్చుంది.

"ఇయ్యాల సదువవా?"

చంద్రభాగ తలుపు వైపు చూసింది. తలుపు దగ్గర ఎవరూ లేరు.

"ఇటు సూడు. నేనే."

మాట ముద్దగా ఉంది, ఒక పక్క నుంచి గాలి పోతోంది, కానీ మాటే. అంబుబాయి కళ్ళు ఆమె మీదే ఉన్నాయి. చాట ఒళ్ళోంచి జారి తంబాకు నేలపాలయింది.

"అవ్వా! నీకు మాటొచ్చిందా? ఎప్పుడొచ్చింది?"

"ఎన్నడో వచ్చింది. కొంచెం కొంచెం వచ్చింది. ఇనేటోళ్ళేరి? మగ్గం నడిస్తె మగ్గం మొత్తుకుంటది. మగ్గం బందయితె నువ్వు మొత్తుకుంటవు."

"మరి పెంటయ్యకు?"

"వాని చెవులు కార్ఖానా ఎన్నడో మింగింది. నేను దగ్గినా వానికి ఎర్కలేదు."

చంద్రభాగ మంచం దగ్గరికి వచ్చి నిలబడింది. ఇన్నేళ్ళు కడిగిన ఒంట్లో ఒక మనిషి ఉన్నదని ఇప్పుడే తెలిసినట్టయింది ఆమెకు.

"నిన్నొకటి అడుగుత," అన్నది అంబుబాయి. "దినాం పొద్దుగాల గా కిటికీ కాడ నిలవడి మొక్కుతవు సూడు. నన్ను తీస్కపొమ్మని. మీ దేవుడు ఏమంటున్నడు?"

చంద్రభాగ చెవుల్లో మగ్గాలు మళ్ళీ మొదలైనట్టు హోరు.

"నీకెట్ల... నా గొంతు నాకే ఇనవడది గద..."

"గొంతెందుకు బిడ్డా? బుద్ధెరిగిన కాడికెల్లి మగ్గాల నడుమ బతికినదాన్ని. పెదవి కదిలితె సాలు నాకు. 'జల్దీ' అని గూడ అంటవు."

చంద్రభాగ మంచం కోడు పట్టుకుని కింద కూలబడింది. ఇన్నేళ్ళూ ఆమె ఏ కళ్ళకు భయపడిందో ఆ కళ్ళు ఈ మంచం మీదే ఉన్నాయి, మొదటి రోజు నుంచి చూస్తూనే ఉన్నాయి. తన చావు కోరుతున్న చేతుల నుంచే ఈమె రోజూ జావ తాగింది. ఆ సంగతి తలుచుకోగానే చంద్రభాగకు సిగ్గుతో ఒళ్ళు కాలిపోయింది.

"తప్పయింది అవ్వా. దేవుని మొహం జూడలేను ఇంక."

మంచం మీంచి ఏదో చప్పుడు వచ్చింది. ముసలమ్మ ఏడుస్తున్నదనుకుని తల ఎత్తింది. ఏడవడం కాదు. మిగిలిన సగం మూతితో అంబుబాయి నవ్వుతోంది.

"తప్పెందుకే పిచ్చిదానా? నేను గూడ మార్కండేయునికి గదే మొక్కుతున్న. ఇద్దరం మొక్కుతున్నం, ఇద్దరు దేవుండ్లకు. ఒక్కడన్న ఇంటలేడు!"

చంద్రభాగకు ఏడుపు మధ్యలో నవ్వొచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. ఇద్దరూ నవ్వారు. ముసలమ్మకు దగ్గొచ్చింది, చంద్రభాగ ఆమె ఛాతీ నిమురుతూ ఇంకా నవ్వింది. నవ్వు ఆగాక అంబుబాయి మొహం గట్టిపడింది.

"మందిరంల ఒట్టు పెట్టుకున్నవట. నేను సచ్చే దాంక అని. గల్లీ అంత ఎర్కే. నన్ను ఎవలన్న అడిగిన్రా? పానం నాది, ఒట్టు నీది. నేను శ్వాస తీసినప్పుడల్లా నీ మెడకు ఉరి బిగిసినట్టు సూస్తవు. రోజు పొద్దుగాల కండ్లు తెరిస్తె నాకు శరం అయితది, అయ్యో ఇయ్యాల గూడ బతికే ఉన్ననా, ఈ పిల్లకు మొహం ఎట్ల సూపియ్యాలె అని."

"గట్లనకు అవ్వా."

"అననీ. ఇన్నేండ్లకు లైటు పోయినప్పుడు నువ్వు నోరు మూసినవ్. పూనం దువ్వెన తెచ్చింది, యాదున్నదా? గా పిల్ల తల దువ్వుకుంట గల్లీ ముచ్చట్లు జెప్తుండె. ఎవల పెండ్లి కుదిరింది, ఎవలు కొట్టుకున్నరు. పానం లేసొచ్చినట్టుండె. నువ్వొచ్చి గుంజుకున్నవు. నువ్వు ఒక్క ముచ్చట జెప్పవు. కడుగుతవు, తుడుస్తవు, గిన్నె తోమినట్టు. గిన్నె మంచిగ మెరుస్తది, నిజమే. నన్ను ఇడువు బిడ్డా. నీ బిడ్డ కాడికి పో."

"నేను పోతె నిన్ను ఎవలు జూస్తరు?"

"గది ఎవల్నన్న అడిగినవా?"

అడగలేదు. అడిగితే పుణ్యం పంచుకోవాల్సి వస్తుందని అడగలేదు. ఆ మాట చంద్రభాగ తనకు తానే అప్పుడు ఒప్పుకుంది. ఎవరో ఉచ్చు పన్నారని ఇన్నాళ్ళూ ఏడ్చింది. ఆ తాడు పేనింది తనే, ముడి వేసింది తనే. దాంట్లో తనతోపాటు ఒక ముసలి ప్రాణాన్ని కూడా కట్టిపడేసింది.

లైటు వచ్చింది. మగ్గాలు ఒకదాని వెనక ఒకటి అందుకున్నాయి. అంబుబాయి పెదవులు ఇంకా కదులుతున్నాయి. చంద్రభాగ వంగి, తన చెవి తీసుకెళ్ళి ఆ వంకర మూతికి ఆనించింది.

"నడుం కింద బట్ట ముడత వడ్డది. సదురు. ఎప్పటికీ గట్లనే ఏస్తవు."

ఆమె ముసలమ్మను ఎత్తి బట్ట సర్దింది. అంబుబాయి కళ్ళు మూసుకుని హాయిగా ఊపిరి విడిచింది. ఎంత చిన్న పని! అయినా చంద్రభాగ గుండె నిండిపోయింది. ఆదివారాల్లో ఎన్నోసార్లు అబద్ధంగా చెప్పిన ఆ సంతోషం నిజంగా ఉందని, ఇంత నిమ్మళంగా ఉంటుందని ఆమెకు అప్పుడు తెలిసింది. కన్నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు.

ఆదివారం మందిరంలో పాస్టరుగారు పిలవకముందే చంద్రభాగ లేచింది.

"నేను మీకందరికి అబద్ధం జెప్పిన," అన్నది. "సేవల నాకు ఇన్ని దినాలు సంతోషం లేకుండె. ఆమె సావాలని దినాం ప్రార్థన చేసిన. ఆ ఒట్టు నేను ఇయ్యాల ఇడుస్తున్న."

స్తోత్రం అనడానికి తెరిచిన నోళ్ళు తెరిచినట్టే ఉండిపోయాయి. డోలక్ మీద చెయ్యి గాలిలో ఆగింది. పాస్టరుగారు మెల్లగా, "సహోదరీ, అది దేవునికి చేసిన మొక్కుబడి," అన్నారు.

"దేవునికే చేసిన అయ్యగారూ. గాని ఆమె పానం మీద చేసిన. ఆమెను అడగకుంట చేసిన. ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగినప్పుడు ఇంకెవ్వలు కడగొద్దని అన్నడా?"

ఆయన కళ్ళు మూసుకుని, "మనందరి కోసం ప్రార్థన చేద్దాం," అని మాత్రం అన్నారు. ఆరోజు మందిరం మెట్లు దిగుతున్నప్పుడు ఆమెతో ఎవరూ మాట్లాడలేదు. గంజి తెచ్చిన ఇద్దరిలో ఒకామె సరోజ. ఆమె మాత్రం వెనకనుంచి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. "నీ మొగుని కాడికి నేను ఊకె సంతోషంగ వచ్చిన అనుకున్నవా? కొన్ని దినాలు తిట్టుకుంట వచ్చిన. అందుకే ఇద్దరం పంచుకున్నం," అన్నది. ఆ మాట ముందే చెప్పి ఉంటే ఎంత బాగుండేదో!

చంద్రభాగ వెళ్ళి పూనం తలుపు తట్టి, అవ్వను చూసుకుంటావా అని అడిగితే, ఆ పిల్ల మొహం విప్పారింది. "నువ్వు ఎప్పుడు అడుగుతవా అని చూస్తున్న కాకూ," అన్నది, పిన్నిని పిలిచే పిలుపుతో. పొద్దున పూనం, మధ్యాహ్నం దాటాక సరోజ అని అనుకున్నారు. గల్లీ మాత్రం ఊరుకోలేదు. కొత్త ఇల్లు దొరకగానే దేవత రెక్కలు కట్టుకుని ఎగిరిపోయిందని నల్లా దగ్గర నవ్వుకున్నారు. నిన్న చేతులు జోడించినవాళ్ళే ఇవాళ మూతులు తిప్పారు. చంద్రభాగ తల ఎత్తుకునే వాళ్ళ మధ్యలోంచి నడిచి బస్సెక్కింది.

రాయ్‌నగర్‌లో మొదటి రోజంతా నిద్రపోయింది. మనవరాలు నెమ్మదిగా దగ్గరికి రావడం మొదలుపెట్టింది. అంబుబాయిని వదిలేసి వచ్చానన్న బాధ కోసం చంద్రభాగ తన లోపల వెతుక్కుంది. ఎంత వెతికినా దొరకలేదు. సరే, అయిపోయిందిలే అనుకుంది.

ఒక సాయంత్రం ఒక తమాషా జరిగింది. ఆ కాలనీలో ఇళ్ళన్నీ ఒకే తీరు, ఒకే రంగు. అల్లుడు సందీప్ పని నుంచి వచ్చి, వేరే వాళ్ళ ఇంట్లో దూరి, అంగీ విప్పి కొక్కేనికి తగిలించి, "అశ్వినీ, నీళ్ళు తే," అని కేకేశాడు. లోపల్నుంచి నీళ్ళ చెంబుతో ఆ ఇంటి ముసలాయన వచ్చి, "తాగు బాబూ, తాగి నీ ఇంటికి పో," అన్నాడట. అశ్విని పడి పడి నవ్వింది. చంద్రభాగ కూడా నవ్వింది. నవ్వుతుండగానే, ఈ ముచ్చట అవ్వకు చెప్పాలె అనిపించింది. ఆ అనిపించడం ఇంక ఆమెను కూర్చోనివ్వలేదు.

మర్నాడు బస్సెక్కింది. మెట్లెక్కి గదిలోకి వెళ్ళేసరికి అంబుబాయి ఒళ్ళు కడగడం అయిపోయింది. పూనం తల దువ్వుతోంది. చంద్రభాగకు చెయ్యడానికి పనేమీ లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గడపలో నిలబడిపోయింది. మగ్గాలు మోగుతున్నాయి. అంబుబాయి ఎడమ చేత్తో మంచం అంచు తట్టి రమ్మన్నది. ఇన్నేళ్ళలో చంద్రభాగ ఆ మంచం మీద ఎన్నడూ కూర్చోలేదు. ఇప్పుడు కూర్చుని, వంగి చెవి ఒగ్గింది.

"ఏం పనికొచ్చినవ్?"

ఆమె పెదవులు పెద్దగా కదిలిస్తూ జవాబిచ్చింది. "పనేం లేదు అవ్వా. నీకు ఒక ముచ్చట జెప్దామని వచ్చిన."

సందీప్ సంగతి చెప్పింది. అంగీ తగిలించడం, నీళ్ళ చెంబు, ముసలాయన, అంతా చేతులు తిప్పి చూపించింది. ముసలమ్మ సగం మూతితో నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. పూనం దువ్వెన పక్కన పెట్టి ఏంటి ఏంటని అడిగింది. ఆమెకూ మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. ఎవరి కాళ్ళూ కడగలేదు, ఏ సేవా చెయ్యలేదు, అయినా చంద్రభాగకు దేవుడు ఆ మంచం మీదే, తమ ఇద్దరి మధ్య కూర్చుని ఉన్నట్టు అనిపించింది. ఆ సంగతి ఏ ఆదివారం ఎవరికీ చెప్పాలనిపించలేదు.

పోతానని లేవబోతుంటే అంబుబాయి కొంగు పట్టుకుంది. ఆమె మళ్ళీ వంగింది.

"మీ యేసయ్యకు ఒక మాట జెప్పు."

"ఏమని?"

"జల్దీ ఏం లేదని."

చంద్రభాగ పెదవులు కదిలించింది. "జెప్త. మరి మీ మార్కండేయునికి గూడ జెప్పాలె గద, అవ్వా."

"నువ్వు పోయిన నాడే జెప్పిన," అన్నది అంబుబాయి.